పట్టి – ఒక చిన్న మాట, కొన్ని ఊళ్ళు

మదురై నుండి తూత్తుకుడికి పోయే రైలుమార్గంలో విరుదునగర్, సాత్తూరు దాటిన తరువాత కోవిల్‌పట్టి వస్తుంది. తమిళులు మాటలాడేటప్పుడు ఈ పేరును 'కోయిల్‌పట్టి' అని కూడా పలుకుతారు. ఆంగ్లేయుల కాలంలో ఆ రూపాన్నే వ్రాసేవారు. ఆంధ్రదేశం నుండి కొత్తగా వచ్చిన తెలుగువాని చెవికి ఈ పేరు ఎలా వినిపిస్తుందో ఊహించండి. కోయిల అంటే వసంతంలో కూసే పక్షి. పట్టి అంటే బిడ్డ. కాబట్టి కోయిల్‌పట్టి అంటే కోయిలపిల్ల! ఎంత ముద్దైన పేరు అనుకుంటాడు. ఆ ఊరిలో పుట్టిపెరిగిన పిల్లవానికి ఈ మాట చెబితే నవ్వుతాడు. ఎందుకంటే ఆ పేరులో పక్షీ లేదు, బిడ్డా లేదు.

మరి ఏమున్నది? ముందు 'కోవిల్' సంగతి చూద్దాం. తమిళంలో 'కో' అంటే రాజు, దేవుడు. 'ఇల్' అంటే ఇల్లు. రాజుకు గాని దేవునికి గాని ఇల్లు 'కోయిల్', 'కోవిల్'. మన 'కోవెల' ఈ మాటకు చుట్టమే. పక్షి పేరైన 'కోయిల' సంస్కృతంలోని 'కోకిల'కు తద్భవం. రెండు మాటలూ చెవికి ఒకేలా వినిపించినా వాటికి పుట్టిల్లు ఒకటి కాదు. కోవిల్‌పట్టిలో పూవననాథస్వామి, చెణ్బగవల్లి అమ్మన్ కోవెల ఉన్నది. కోవెల ఉన్న పట్టి కనుక కోవిల్‌పట్టి. చిక్కంతా పేరులోని రెండవ సగంలో ఉన్నది.

తెలుగు కావ్యాలలో 'పట్టి' అంటే కుమారుడు లేక కుమార్తె. రాచపట్టి అంటే రాజుగారి బిడ్డ. 'ముద్దులపట్టి' అని నేటికీ అంటాం. గాయానికి కట్టే పట్టీ, పుస్తకంలో గీసే పట్టిక వేరు. అవి సంస్కృతంలోని 'పట్ట' శబ్దానికి చెందినవి. 'చేయి పట్టి నడిపించాడు' అన్నప్పటి పట్టి మరొకటి. అది 'పట్టు' అనే క్రియ నుండి వచ్చింది. తమిళంలో అచ్చును కాస్త సాగదీసి 'పాట్టి' అంటే అవ్వ అని అర్థం వస్తుంది. ఒక్క దీర్ఘంతో బిడ్డ అవ్వ అయిపోతుంది! మలయాళంలో 'పట్టి' అంటే కుక్క. మీ తరగతికి కేరళ నుండి ఎవరైనా వచ్చి కోవిల్‌పట్టి పేరు విని నవ్వితే కోపం తెచ్చుకోకండి. ఆయన చెవికి అది కోవెల దగ్గరి కుక్క.

ఇక తమిళంలోని 'పట్టి'. పశువులను, గొర్రెలను, మేకలను రాత్రివేళ తోలి ఉంచే ఆవరణకు తమిళంలో పట్టి అని పేరు. మనం దొడ్డి అంటాం. ఆ మాటకే చిన్న పల్లె అనే అర్థం కూడా ఉన్నది. దొడ్డి ఎక్కడ, పల్లె ఎక్కడ? ఒకే మాటకు ఈ రెండు అర్థాలు ఎలా వచ్చాయి? దీనికి సమాధానం నిఘంటువులో కంటే నేలలో బాగా దొరుకుతుంది.

కోవిల్‌పట్టి, విరుదునగర్, సాత్తూరు, విళాత్తికుళం ప్రాంతాలలోని నల్లరేగడి నేలను 'కరిసల్' అంటారు. ఇక్కడ పెద్ద నదులు లేవు. ఈశాన్య ఋతుపవనం తెచ్చే వానలే ఆధారం. ఆ వానకు ప్రత్తి, జొన్న, సజ్జ, మినుము పండుతాయి. ఎండాకాలంలో నేల నెరలు విచ్చి నోరు తెరుస్తుంది. ఇటువంటి మెట్టనేలకు గొర్రెల మంద పెద్ద ఆస్తి. కోత అయిపోయిన తరువాత రైతు మందను పిలిపించి తన చేనిలో రాత్రిళ్ళు నిలుపుకొంటాడు. తెలుగులో దీనిని 'మంద కట్టడం' అంటారు. ఇక్కడి తమిళంలో 'కిడై' అంటారు. ఒక చేనిలో కొన్ని రాత్రులు నిలిపి, తరువాత మరొక చేనికి మారుస్తారు. గొర్రెల ఎరువుతో చేనికి బలం వస్తుంది. కాపరికి ధాన్యమో డబ్బో ముడుతుంది.

కాని మంద ఏడాది పొడుగునా తిరుగుతూ ఉండదు. ఈనిన గొర్రెలకు, చిన్న పిల్లలకు, పాడి పశువులకు నిలకడైన చోటు కావాలి. కాపరి నీరు దగ్గరగా ఉన్న మెరక చూస్తాడు. తుమ్మకంపలు నరికి చుట్టూ దడి కడతాడు. నక్కలు, తోడేళ్ళు రాకుండా రాత్రి కాపలా ఉండాలి కనుక దడి ప్రక్కనే గుడిసె వేసుకొంటాడు. కొన్నాళ్ళకు అన్నదమ్ములు వచ్చి మరి రెండు గుడిసెలు వేస్తారు. బావి త్రవ్వుతారు. వేపచెట్టు క్రింద దేవతను నిలుపుతారు. ఎక్కడికి పోతున్నావని అడిగితే మొదట 'పట్టికి' అన్నప్పుడు దొడ్డికి అని అర్థం. ఒక తరం గడిచిన తరువాత అదే 'పట్టికి' అంటే ఊరికి అని అర్థం. దడి ఏనాడో చితికిపోయినా దాని పేరు ఊరికి మిగిలిపోతుంది.

మదురై, తేని, దిండుక్కల్, విరుదునగర్, తూత్తుకుడి జిల్లాల పటం తెరిచి చూడండి. ఉసిలంపట్టి, ఆండిపట్టి, సెవల్‌పట్టి – ఇటువంటి పేర్లు ఎన్నో కనిపిస్తాయి. అరుప్పుక్కోట్టై వైపు రెడ్డియపట్టి అని ఒక ఊరున్నది. ఆ పేరును కాసేపు ఆగి చూడాలి. మొదటి సగంలో తెలుగువారు ఉన్నారు. రెండవ సగంలో తమిళపు దొడ్డి ఉన్నది. విజయనగర రాజుల కాలంలో, ఆ తరువాత మదురై నాయకుల కాలంలో తెలుగువారు దక్షిణానికి వచ్చి ఈ నల్లరేగడిలో స్థిరపడ్డారు. సేద్యం చేసేవారు, పశువులను మేపేవారు, తోలుపని చేసేవారు, పాలెగాండ్ర వెంట నడిచినవారు, ఇలా ఎందరో వచ్చారు. కొత్త నేలలో ఊరు కట్టినప్పుడు ఊరిపేరుకు ఇరుగుపొరుగుల మాటనే తీసుకొన్నారు. ఇంటిలో తెలుగు, ఊరిపేరులో తమిళం!

కోవిల్‌పట్టికి దగ్గరలోని ఇడైసెవల్ గ్రామానికి చెందిన కి. రాజనారాయణన్ ఇటువంటి తెలుగు కుటుంబంలో పుట్టి, తమిళంలో గొప్ప రచయిత అయ్యారు. తెలుగువారు వలస వచ్చి ఈ నేలలో అడవి కొట్టి ఊరు కట్టుకొన్న కథను 'గోపల్ల గ్రామం' అనే నవలలో చెప్పారు. అది 1976లో వెలువడింది. దానికి తరువాయి కథ 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. మందల బ్రతుకు మీద ఆయన వ్రాసిన ఒక కథ పేరే 'కిడై'. కరిసల్ పల్లెవారు వాడే మాటలను ఏరి ఆయన ఒక నిఘంటువు కూడా కూర్చారు. ఆయన 2021లో మరణించారు.

ఇప్పుడు పట్టిని వెంబడించి పడమటికి పోదాం. కన్నడంలో 'హట్టి' అనే మాట ఉన్నది. పశువుల దొడ్డి అని, చిన్న పల్లె అని దానికి అర్థాలు. చిత్రదుర్గ, తుమకూరు ప్రాంతాలలో గొల్లలు నివసించే పల్లెలను 'గొల్లరహట్టి' అంటారు. నీలగిరులలో బడగలు తమ పల్లెను హట్టి అంటారు. తమిళ పట్టి, కన్నడ హట్టి ఒకే మాట అని ఎలా చెప్పగలం? అర్థం కలిసింది, అంతే చాలునా? చాలదు. తెలుగు పాలు కన్నడంలో హాలు. మన పులి అక్కడ హులి. మన పల్లె అక్కడ హళ్ళి. పాత కన్నడంలో మాట మొదట ఉన్న పకారం తరువాతి కాలంలో హకారంగా మారింది. ఇది ఒక్క మాటలో జరిగిన వింత కాదు, వరుసగా ఎన్నో మాటలలో జరిగిన మార్పు. ఆ వరుసలో పట్టి–హట్టి సరిగా ఇమిడిపోతుంది. అందువల్లనే ఇవి జ్ఞాతి పదాలు, అనగా ఒకే మూలం నుండి వచ్చిన మాటలు అంటున్నాం.

ఈ పద్ధతిని మన భాషలకు విస్తారంగా అన్వయించినవాడు రాబర్ట్ కాల్డ్‌వెల్. ఆయన కంటే ముందే 1816లో ఎల్లిస్ అనే దొర, తెలుగు తమిళ కన్నడాలు ఒక కుటుంబపు భాషలని చూపినాడు. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో వచ్చింది. ఆయన ఎక్కడ ఉండేవాడో తెలుసునా? తిరునెల్వేలి ప్రాంతంలోని ఇడైయన్‌గుడిలో. ఇడైయన్ అంటే గొల్లవాడు. కుడి అంటే నివాసం. గొల్లల నివాసంలో కూర్చుండి ఆయన ఈ పెద్ద పని చేశాడు! ఈ తమిళ 'కుడి'కి తెలుగులోని జ్ఞాతి మన 'గుడి'. తమిళంలో ఎవరి ఇల్లైనా కుడి కావచ్చు. తెలుగులో దేవుని ఇల్లు ఒక్కటే గుడి అయింది. మామూలు మనిషికి 'గుడిసె' మిగిలింది.

దొడ్డి ఊరుగా మారడం మన దేశంలోనే జరిగిందా? సముద్రాలు దాటి చూడండి. ఆంగ్లంలో పట్టణాన్ని 'టౌన్' అంటారు. కోవిల్‌పట్టి బస్సులో కూడా ఆ మాట వినిపిస్తుంది. జర్మన్ భాషలో దీనికి జ్ఞాతి 'ట్సావున్'. దాని అర్థం కంచె! డచ్చి భాషలో 'టాయిన్' అంటే తోట. ఐస్‌లాండు భాషలో 'టూన్' అంటే ఇంటిచుట్టూ ఉండే పచ్చగడ్డి నేల. కంచె, కంచె లోపలి తోట, కంచె లోపలి గడ్డినేల, కంచె లోపలి ఇళ్ళు, చివరకు ఊరు. ఒక్కొక్క భాష ఒక్కొక్క మెట్టు దగ్గర ఆగిపోయింది. ఇక్కడ కూడా వరుస ఉన్నది. ఆంగ్లంలో మాట మొదట ఉండే టకారం జర్మన్‌లో 'ట్స' అవుతుంది. పదికి ఆంగ్లంలో 'టెన్', జర్మన్‌లో 'ట్సేన్'. రెండుకు 'టు', 'ట్స్వై'. నాలుకకు 'టంగ్', 'ట్సుంగె'. ప–హ వరుస వంటిదే ఇదీ. వారి కంచెకూ మన తుమ్మకంప దడికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా మనుషులు పశువులను కాచుకొన్న తీరు ఒకటే కనుక మాటల నడక కూడా ఒకేలా సాగింది.

ఒకే మూలం అయినంత మాత్రాన అర్థం ఒకటే ఉంటుందని కూడా అనుకోకూడదు. ఆంగ్లంలో 'గిఫ్ట్' అంటే కానుక. జర్మన్‌లో అదే 'గిఫ్ట్' అంటే విషం. స్వీడన్ భాషలో ఆ అక్షరాలకే విషం అని, పెళ్ళి అయినవారు అని రెండు అర్థాలు! అన్నీ 'ఇచ్చు' అనే క్రియ నుండే వచ్చాయి. ఇచ్చినది కానుక కావచ్చు, మోతాదు కావచ్చు, కన్య కావచ్చు. తెలుగులో 'మందు ఇచ్చారు' అంటే ఒక అర్థం, 'మందు పెట్టారు' అంటే వేరొక అర్థం కదా!

మాటలకు గౌరవం పెరగడం, తరగడం కూడా ఉన్నది. విరుదునగర్ పూర్వపు పేరు విరుదుపట్టి. విరుదు అంటే మన బిరుదే. ఒక యోధుడు తాను గెలిచిన బిరుదు జెండాలతో ఆ ఊరికి వచ్చి సవాలు చేయగా, ఊరివాడొకడు అతనిని ఓడించి వాటిని గెలుచుకొన్నాడని స్థలకథ చెబుతారు. 1870ల దశకంలో రైలు వచ్చింది. ప్రత్తి, మిరప, పప్పుధాన్యాలు, నూనెల వ్యాపారంతో ఊరు పెరిగింది. 1903లో కామరాజ్ పుట్టింది విరుదుపట్టిలో. ఆయనకు ఇరవై ఏళ్ళ వయసులో, 1923లో, ఆ ఊరు విరుదునగర్ అయింది. ఊరు కదలలేదు. పేరులోని దొడ్డి పోయి నగరం వచ్చింది.

ఎందుకు మార్చుకొన్నారో ఊహించడం కష్టం కాదు. తమిళంలో 'పట్టిక్కాడు' అంటే మారుమూల పల్లె. 'పట్టిక్కాట్టాన్' అంటే నాగరికత తెలియని మొరటువాడు. పల్లెనుండి వచ్చిన పిల్లవానిని పట్టణపు పిల్లలు ఏడిపించడానికి ఈ మాట వాడతారు. తెలుగువారు ఏమీ తక్కువ తినలేదు. 'పల్లెటూరి బైతు' అనే తిట్టు మనకు ఉన్నది. 'నాగరికుడు' అంటే నగరంలో ఉండేవాడు. పేర్లు పెట్టే అధికారం పట్టణంవాని చేతిలో ఉన్నట్లున్నది! లాటిన్‌లో 'విల్లా' అంటే పొలాల నడుమ ఉండే కమతపు ఇల్లు. ఫ్రెంచిలో అది 'విల్' అయి, పెద్ద పట్టణం అనే అర్థానికి ఎదిగింది. ఆంగ్లంలో 'విలేజ్'గా పల్లె దగ్గర ఆగింది. ఆ కమతంలో పనిచేసే పాలేరును సూచించిన మాట ఆంగ్లంలో 'విలన్' అయింది. పొద్దస్తమానం పొలంలో కష్టపడినవాడు చివరకు సినిమాలో దుర్మార్గుడైనాడు. నేడు ఇళ్ళు అమ్మేవారి ప్రకటనలలో 'విల్లా' అంటే ధనవంతుల భవనం. ఒకే దొడ్డిలోని పశువులు ఎన్ని దారులు పట్టాయో చూడండి.

కోవిల్‌పట్టి మాత్రం పేరు మార్చుకోలేదు. 1901లో అక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రం వెలసింది. ప్రత్తిమిల్లులు వచ్చాయి. అగ్గిపెట్టెల పరిశ్రమ వచ్చింది. కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయికి, అంటే కడలై మిఠాయికి, 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇంత జరిగినా పేరులో పట్టి అలాగే ఉన్నది. నాకు ఆ పేరే ఇష్టం.

ఇక మీ ఇంటి మాటల సంగతి. ఆంధ్ర నుండి వచ్చిన బంధువులు కరిసల్ తెలుగు విని, 'మీ తెలుగులో సగం తమిళమే' అని పరిహాసం చేయడం కద్దు. అప్పుడు పిల్లలు నోరు మూసుకొంటారు. కొందరు ఇంటిలో సైతం తెలుగు మానివేస్తారు. ఈ పరిహాసంలో నిజమెంత? మీరు ఊరు, నీరు, ఇల్లు, కన్ను అంటారు. తమిళులు ఊర్, నీర్, ఇల్, కణ్ అంటారు. ఇవి మీరు తమిళం నుండి తెచ్చుకొన్నవి కావు, తమిళులు మన నుండి తీసుకొన్నవీ కావు. ఉభయులకూ పూర్వులు ఇచ్చిన మాటలు. బంధువుల ఊరిలోనూ ఇవే మాటలు వాడతారు. అయితే 'పళ్ళిక్కూడం పోతున్నాను' అంటే మాత్రం అది తమిళం నుండి తెచ్చుకొన్న మాటే. ఎలా తెలుసు? తమిళ 'పళ్ళి'కి తెలుగు రూపం 'పల్లె'. మన ఇంటి మాట అయితే పల్లె అనే ఆకారంలో ఉండాలి, బడి అనే అర్థం ఉండకూడదు. తమిళంలో పళ్ళి అంటే పల్లె, మునుల నివాసం, బడి. తెలుగులో పల్లె ఒక్కటే. మాట ఆకారం చూస్తే అది పుట్టింటిదో, పొరుగింటిదో చెప్పవచ్చు. పొరుగింటి మాట వాడడం నేరం కాదు. వందల ఏళ్ళు పక్కపక్కన బ్రతికినవారు ఉప్పు, నిప్పుతో పాటు మాటలు కూడా ఇచ్చిపుచ్చుకొంటారు. కాని పుట్టింటి మాటను పొరుగింటిదని ఒకరు అంటే ఒప్పుకోవలసిన పని లేదు. తమిళం, తెలుగు రెండూ చదివే మీకు ఈ తేడా కనిపెట్టడం, ఒక్క భాష మాత్రమే తెలిసిన ఆ బంధువుల కంటే సులభం.

పట్టి మాట వచ్చింది కనుక మన 'దొడ్డి' సంగతి కూడా చెప్పాలి. తెలుగునాట దొడ్డి అంటే పశువుల ఆవరణ, ఇంటి వెనుక పెరడు. చేలో పడి మేసిన పశువులను బందెలదొడ్డిలో పెడతారు. హోసూరు వైపు, కన్నడ దేశంలో, 'దొడ్డి'తో ముగిసే పల్లెపేర్లు ఉన్నాయి. పట్టి నడిచిన దారిలోనే దొడ్డి కూడా నడిచి ఊరైంది. తమిళంలో ఊరూరా అనడానికి 'పట్టితొట్టి యెంగుం' అంటారు. మీ ఊరిలో ముసలివారు పొలాల పేర్లు చెప్పేటప్పుడు శ్రద్ధగా వినండి. పశువులు లేని చోటికి కూడా దొడ్డి, మంద, కిడై అన్న పేర్లు మిగిలి ఉండవచ్చు.

అభ్యాసం

1. కోయిల, కోవెల అనే మాటల పుట్టుకలో గల భేదం ఏమి?
2. పశువుల దొడ్డికి పెట్టిన పేరు ఊరికి ఎలా వచ్చిందో మీ మాటలలో వ్రాయండి.
3. పట్టి–హట్టి జ్ఞాతి పదాలు. తెలుగు 'పట్టి', మలయాళ 'పట్టి' అలా ఎందుకు కావు? అర్థాలను, ఈ పాఠంలోని ధ్వని మార్పు వరుసను దృష్టిలో ఉంచుకొని చర్చించండి.
4. మీ ఇంటిలో వాడే ఇరవై తెలుగు మాటలు వ్రాసి, వాటికి తమిళ రూపాలు ప్రక్కన వ్రాయండి. ఏవి పుట్టింటివి, ఏవి పొరుగింటివి అని గుర్తించండి. అవ్వ, తాతలను అడిగి సరిచూడండి.
5. మీ ఊరికి నాలుగు వైపులా ఉన్న పొలాల పేర్లు, కుంటల పేర్లు సేకరించి తరగతిలో చదివి వినిపించండి.